నాంపల్లి గారూ, వినబడుతున్నామా?

నేను ఒక రేడియోను. పెద్దింట్లో అద్దాల అలమారాలో కూర్చునే రకం కాదు. భుజాన వేసుకోవడానికి తోలు పట్టీ, వెనక పెద్ద సెల్లులు పట్టే గది, ముందు మూడు వరసల అంకెల అద్దం ఉన్న మామూలు ట్రాన్సిస్టర్‌ను. ఎవరెవరో ఎక్కడెక్కడో మాట్లాడిన మాటలన్నీ నా ఒంట్లోంచే పోయాయి. వాటిలో ఒక్కటీ నాది కాదు. నా మాట నేను చెప్పుకోవడం ఇదే మొదలు. ఓపిక ఉంటే వినండి, లేదంటే ముల్లు తిప్పేయండి. మనుషులకు అదేం కొత్త కాదు.

పుట్టింది బెంగుళూరు పక్కన ఒక కర్మాగారంలో. పొడుగాటి బల్ల వెంట ఆడపిల్లలు వరసగా కూర్చుని, కాలిన కడ్డీతో సీసం కరిగించి నా లోపలి తీగలు అతికారు. పని చేస్తున్నంతసేపూ వాళ్లు నోరు విప్పకూడదని మేస్త్రీ ఆజ్ఞ. మాట్లాడే పెట్టెను మాట్లాడనివ్వకుండా చేయించడం మనుషులకే చేతనవుతుంది.

నన్ను మొదట కొన్నవాడు సహకార సంఘాల ఇన్‌స్పెక్టరు, సుదర్శనాచారి. నాకు తెల్లటి లేసు గుడ్డ కుట్టించాడు. అంతవరకు మర్యాదే. రోజూ పొద్దున వార్తలకు ముందు వచ్చే టిక్కు టిక్కుకు చేతి గడియారం సరిచేసుకుని, వార్తలు మొదలు కాగానే నన్ను కట్టేసేవాడు. నా అద్దం మీద పై వరస మన చుట్టుపక్కల స్టేషన్లది. కింది రెండు వరసలు షార్ట్‌వేవ్. సముద్రాల అవతల పుట్టి, ఆకాశానికి తగిలి, మళ్లీ నేలకు దిగే మాటలు ఆ రెండు వరసల మీద ఉంటాయి. అటువైపు ఆయన ముల్లు ఒక్కసారీ పోలేదు. లోకాన్నంతా కడుపులో పెట్టుకుని పోతే నన్ను గడియారానికి తోడిచ్చాడు. ఆ తర్వాత ఇంట్లోకి టీవీ వచ్చింది, నేను అటకెక్కాను. నా పట్టీని ఎలుక కొరికింది. ఆయనకు సిరిసిల్ల బదిలీ అయినప్పుడు సామాను సర్దుతుంటే బయటపడ్డాను. బాగుచేయించడానికని సిరిసిల్ల బస్టాండు వెనక సందులో ఒక దుకాణంలో ఇచ్చి, మళ్లీ రాలేదు.

ఆ దుకాణం ఖాజామియాది. మోటార్ల వైండింగ్ ఆయన కూడు, రేడియోలు ఆయన పిచ్చి.

సిరిసిల్ల తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఆ ఊరు చప్పుడు మీద బతుకుతుంది. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. సందుకో కార్ఖానా, కార్ఖానా నిండా సాంచెలు. పోగును మోసే నాడె అటు కొట్టి ఇటు కొట్టి, పగలంతా ఊరు ఊరే టకటకమంటుంది. ఆ మోటార్లు తిరుగుతున్నంతసేపూ నాలాంటిదాని గొంతులో గరగర తప్ప ఏమీ రాదు. కరెంటు పోయిందంటే మాత్రం ఊరు ఒక్కసారిగా ఊపిరి బిగబట్టినట్టు ఆగిపోతుంది. అప్పుడు మాకు ఆకాశం తెరుచుకుంటుంది. సాంచె ఆగితే కూలి ఆగుతుంది కాబట్టి ఊరంతా కరెంటోళ్లను తిడుతుంటుంది. ఖాజామియా ఒక్కడే నన్ను ఒళ్లోకి తీసుకుని నవ్వుకునేవాడు.

అలాంటి ఒక సాయంత్రం కాలిపోయిన సాంచె మోటారును భుజాన మోసుకుని ఒకాయన వచ్చాడు. పేరు దూస నాంపల్లి. ఎప్పుడో నాడె ఎగిరి తగిలిన గాటు ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చింది. ఆరో తరగతిలో బడి మానినప్పటి నుంచి సాంచెల మధ్యే ఉన్నాడు. ఆ సమయానికి నాలోంచి ఒక ఆడమనిషి గొంతు వస్తోంది. దేనికో నవ్వుతోంది. మోటారు దించడం మరిచిపోయి ఆయన అలాగే నిలబడ్డాడు.

"ఎక్కడిది భాయ్ గీ గొంతు?"

"దరియా అవతలిది. హిందీల చెప్తున్నరు. మనకోసమే."

"మనకోసమా? మనం ఎవలమో వాళ్లకెట్ల ఎర్క?"

"ఎర్క లేదు. అందుకే రోజు చెప్తరు, ఎవడన్న ఇంటడేమోనని. ముందుగాల మోటారు దించు, నడుము విరుగుతది."

ఆ మాట నాంపల్లికి ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. కార్ఖానాలో ఆయనతో ఎవరూ ఏమీ చెప్పరు. చెప్పినా వినబడదు. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. బొటనవేలు పెదవికి తగిలిస్తే చాయ్. మీసం మెలేస్తే సేటు వస్తున్నాడు. రెండు వేళ్లు కొక్కెంలా ముడిచి విడదీస్తే పోగు తెగింది. మనుషుల పేర్లు కూడా అంతే. ఎడమ కనుబొమ్మ మీద వేలు గీస్తే నాంపల్లి అని అర్థం. ఆ మనిషిని పేరుతో పిలిచినవాళ్లు తక్కువ.

ఇంటికి తీసుకుపొమ్మని ఖాజామియా నన్ను ఆయన చేతుల్లో పెట్టాడు. ఎలా వినాలో కూడా నేర్పాడు.

"ముల్లు తిప్పుడు గాదు నాంపల్లి భాయ్, జరుపుడు. తెగిన పోగు పట్టుకుంటవ్ సూడు, గట్ల. గట్టిగ గుంజితె ఇంకో నాలుగు తెగుతయ్. పొద్దు గూకే యాల మంచిది. ఎండ దిగుతుంటె దూరపు మాటలు కిందికి దిగుతయ్. స్టేషనోళ్లు మాట మొదలువెట్టే ముందుగాల ఒక చిన్న పాట వాయిస్తనే ఉంటరు, మనం దొరకవట్టుకునేటందుకు. పాట దొరికిందా, ఇగ చెయ్యి తియ్యి. ఇను. ఇని మార్కులెయ్."

"ఎవలకు?"

"ఆ దేశానికి. ఎంత సాఫ్‌గ ఇనవడ్డది, ఐదుకు ఎన్ని అని. కార్డు మీద రాసి పంపితె వాళ్లు బొమ్మల కార్డు పంపుతరు. నసీబ్ మంచిగుంటె ఐతారం నాడు నీ పేరు సదువుతరు. నా పేరు సదివిన్రు ఒకసారి. సిర్సిల్లా సే ఖాజామియా జీ!" అని దుకాణం ముందు పోతున్నవాళ్లందరికీ వినబడేట్టు అన్నాడు. ఆ సంగతి వాళ్లందరికీ ముందే తెలుసు.

లెక్కల పరీక్ష తప్పి సాంచె పట్టుకున్న మనిషి దేశాలకు మార్కులు వేయడం! ఆ ఊహకే నాంపల్లి మొహం వెలిగింది. తన పేరు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అంత దూరం నుంచి, నోటితో ఎవరైనా అంటే వినాలని ఆయనకు అప్పుడే పుట్టింది ఆ కోరిక. కూలి పెంచమని ఏనాడూ గట్టిగా అడగని మనిషి ఈ ఒక్కటి మాత్రం గట్టిగా కోరుకున్నాడు.

ఇంట్లో మణెమ్మ ఉంది. బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఆమె చేతులు ఖాళీగా ఉండగా నేను చూసింది తక్కువ. పుట్టిందీ పెరిగిందీ భీవండిలో, అక్కడా సాంచెల మధ్యే. అందుకని హిందీ ఆమెకు నీళ్లు తాగినట్టు వస్తుంది. నాంపల్లికి సగం వస్తుంది. పిల్లలు లేరు. ఆ సంగతి వాడవాళ్లు రోజూ గుర్తు చేస్తూనే ఉంటారు కాబట్టి నేను మళ్లీ చెప్పను.

కాలిపోయిన మోటారు లోపలి రాగి తీగను నాంపల్లి చెక్కు చెదరకుండా విప్పాడు. దాన్ని ఇంటి కప్పు మీది ఇనుప కడ్డీ నుంచి పక్కింటి గోడ దాకా కట్టాడు. తీగ ఎక్కడా తగలకుండా రెండు కొసలకూ ఖాళీ ప్లాస్టిక్ కండెలు వేలాడదీశాడు. నూలు చుట్టుకునే కండెలతో మాటలు పట్టే తీగ కట్టినవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ తీగ నా నెత్తిన తగిలిన సాయంత్రం, అదృష్టం బాగుండి కరెంటు లేదు. వెదురు బొంగు మీద తట్టినట్టుండే ఆ చిన్న పాట షార్ట్‌వేవ్ వరసలో ముప్పై ఒకటో మీటరు దగ్గర దొరికింది. ఆ స్టేషన్ పేరు చెప్పను. ఇప్పుడు లేనివాళ్ల పేరుతో మీకేం పని. రోజూ సందెవేళ అరగంట, హిందీలో. ఐతారం ఉత్తరాలు చదివేవాళ్లు.

నాంపల్లి అరగంటసేపు కదల్లేదు. అయిపోయాక, కార్ఖానా అలవాటు కొద్దీ, వాకిట్లో ఉన్న మణెమ్మ వైపు తిరిగి చెయ్యెత్తి ఐదు వేళ్లూ చూపించాడు.

"నోరు పడిపోయిందా?" అంది మణెమ్మ. "ఇది కార్ఖానా గాదు, ఇల్లు. మొగుడు చేతులూపుతుంటె వాడల ఏమనుకుంటరు? మనిషివైతె మాట్లాడు."

"ఐదుకు ఐదు" అన్నాడు నాంపల్లి.

అలా సాగాయి కొన్నేళ్లు. నా బతుకులో నేను సుఖపడ్డ కాలం అదే. కరెంటు పోగానే తోటివాళ్లు బీడీ ముట్టించి తిట్లు లంకించుకుంటే, నాంపల్లి పరుగున ఇంటికి వచ్చేవాడు. నాలోని ఆడమనిషి గొంతు రాగానే మణెమ్మ, "వచ్చిందా నా సవితి? ఏమంటున్నది ఇయ్యాల?" అనేది. అంటూనే చాటతో సహా దగ్గరికి జరిగి కూర్చుని, ఆయనకు అర్థంకాని మాటలకు అర్థం చెప్పేది. వాళ్ల దేశంలో మంచు పడుతోందట. ఎవరో రైతు గొర్రెలు తప్పిపోయాయట. పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. పనికొచ్చే మాటలు వాళ్లకు రోజంతా ఉండనే ఉన్నాయి కదా.

అయిపోయాక ఐదు వేళ్లు, ఎప్పుడైనా నాలుగు. ఖాజామియా హిందీలో కార్డు రాసిపెట్టేవాడు. జవాబుగా బొమ్మల కార్డులు వచ్చేవి: కొండ, ఓడ, ముసుగు వేసుకున్న ముసలావిడ. నాంపల్లి వాటిని మైదాపిండితో గోడకు అతికించాడు. పేరు మాత్రం చదవలేదు. "ఏం జేస్తరు భాయ్, ఐదుకు ఐదు అని రాస్తె సదవడానికి ఏముంటది? మంచిగున్నదన్నోని పేరు ఎవలు యాది పెట్టుకుంటరు?" అనేవాడు ఖాజామియా.

మొదటి గుర్తు నాకే దొరికింది. కరెంటు లేని సాయంత్రం, ఊరంతా నిశ్శబ్దం, మబ్బు లేదు, నా గొంతు గాజులా ఉంది. నాంపల్లి మొహం చిట్లించి, "గుయ్యిమని సప్పుడు వస్తున్నది. ఏడిదో" అన్నాడు. నాలో ఏ చప్పుడూ లేదు. ఆ గుయ్యిమనేది ఆయన తలలోనే పుట్టింది. కార్ఖానా వదిలినా కార్ఖానా ఆయన్ను వదలడం లేదు. ఆ రోజు వేళ్లు మూడే లేచాయి.

అప్పటి నుంచి మనిషికి ఒకటే పని. తీగ చాలడం లేదనుకున్నాడు. ఇంకో మోటారు విప్పి పొడుగు చేశాడు. ఎత్తు చాలడం లేదనుకున్నాడు. వెదురు కట్టి పైకి లేపాడు. కొత్త సెల్లులు వేశాడు. గొంతు పెంచాడు, ఇంకా పెంచాడు. వాడ చివర కుళాయి దగ్గరున్నవాళ్లకు కూడా ఆ దేశం మంచు సంగతి తెలిసిపోయేది.

"ఓ మణెమ్మా! నీ మొగనికి జెర చెప్పరాదే!" అని పక్కింటి రాజవ్వ గోడ మీంచి అరిచేది. "చెవుల తూట్లు పడవట్టె!"

"ఇగో, అందరు లొల్లి వెడుతున్నరు" అని మణెమ్మ చెబితే, వాళ్లది వేళాకోళమనుకుని ఆయన నవ్వేవాడు.

"ఎక్కసాలాడుతున్నరే వాళ్లు. నాకే ఇనవడ్తలేదు, వాళ్లకెట్ల ఇనవడ్తది?"

ఆ మాటకు మణెమ్మ చేతుల్లోని ఆకు ఒక్క క్షణం చుట్టకుండా ఆగింది. తర్వాత చుట్టుకుంది. ఆమెకు తెలిసింది అప్పుడే అనుకుంటాను. తెలిసినదాన్ని నోటితో అనేదాకా అది నిజం కాదని మనుషులకు ఒక నమ్మకం.

నాంపల్లి నన్ను ఖాజామియా దగ్గరికి తీసుకుపోయాడు. "స్పీకర్ పోయినట్టున్నది భాయ్" అన్నాడు. ఖాజామియా నన్ను విప్పి చూశాడు. ఒక ఊపిరి ఊది దుమ్ము దులిపాడు. ముల్లు పెట్టి వినిపించాడు. దుకాణం గోడలు అదిరేలా పాడాను నేను. నాంపల్లి నా వైపు వంగి, చెవి తిప్పి, ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఖాజామియా ఆయన్ను చూశాడు. నన్ను చూశాడు. నన్ను మళ్లీ బిగించాడు, చాలా మెల్లగా.

"రేడియో మంచిగనే ఉన్నది భాయ్" అని గట్టిగా అన్నాడు, చెవి దగ్గర. "సూర్యుడే మంచిగలేడు."

"సూర్యుడా?"

"ఔ. సూర్యునికి కొన్నేండ్లు జోరుంటది, కొన్నేండ్లు నీరసముంటది. పదకొండేండ్లకొక చక్కర్. ఆయన నీరసపడితె దూరపు మాటలు గిట్లనే సన్నగైతయ్. ఓపిక వట్టు. మళ్ల లేస్తడు."

అందులో అబద్ధం లేదు. షార్ట్‌వేవ్ వినేవాళ్లందరికీ తెలిసిన సంగతే. నిజాన్ని తెచ్చి అది పనికిరాని చోట పెట్టాడంతే. ఆ మనిషికి ముఖం మీద చెప్పడానికి నోరు రాలేదు. నాంపల్లి ధైర్యంగా ఇంటికొచ్చి, "సూర్యుడు లేవాలట మణెమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి కార్ఖానాకు పోతూ ఆగి, మంచం పట్టిన చుట్టాన్ని పలకరించినట్టు పొద్దును చూసి పోయేవాడు. సిరిసిల్లలో చెవుడు కొత్త కాదు. పెద్ద సాంచె పనివాళ్లలో సగంమందికి అంతో ఇంతో ఉంటుంది. కానీ తన చెవుల నేరాన్ని సూర్యుడి మీద వేసినవాడు ఆయనొక్కడే.

మూడు వేళ్లు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి. ఖాజామియా తల వంచుకుని ఆ ఒకటే రాసేవాడు. "రెండు నెలలుగా మీ స్టేషన్ మాకు అందుట లేదు. సూర్యుని వల్ల అనుకుంటున్నాము. దయచేసి మీ వైపు నుంచి జోరు పెంచగలరు" అని నాంపల్లి చెప్పి రాయించిన కార్డు ఒకటి పోస్టయింది.

ఆ ఐతారం నాకు బాగా గుర్తు. ఎందుకో కార్ఖానాలన్నీ ముందే ఆగాయి. వాకిట్లో మణెమ్మ, రాజవ్వ ఎదురెదురుగా కూర్చుని బీడీలు చుడుతున్నారు. అరుగు మీద నాంపల్లి, గొంతు బయటికొచ్చే నా జాలీకి చెవి ఆనించి ఉన్నాడు. గొంతు చివరిదాకా తిప్పి ఉంది. ముల్లు ఉండవలసిన చోటే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు. వెదురు పాట అయింది. ఆడమనిషి పలికింది. ఉత్తరాల సంచీ విప్పుతున్నానంది. తర్వాత అంది:

"సిర్సిల్లా సే... నాంపల్లీ జీ."

రాజవ్వ చేతిలోంచి బీడీ కట్ట జారింది.

"నాంపల్లి గారు మా గొంతు అందడం లేదని రాశారు" అని ఆమె హిందీలో చదువుతోంది. "ఏళ్లుగా మాకు ఐదుకు ఐదు వేసిన మనిషి ఇప్పుడు ఒకటి వేస్తున్నారంటే మాకు నిద్ర పట్టలేదు. మా ఇంజనీర్లు ఈ వారం నుంచి మీ వైపు జోరు పెంచారు. నాంపల్లి గారూ, ఇవాళ వినబడుతున్నామా?"

నేను ఎవరి మాటా నాదనుకోలేదని మొదట్లో చెప్పాను కదా. ఆ ఒక్కటీ నాదనుకున్నాను. నా జాలీ అదిరిపోయేలా అన్నాను. వాడ చివర కుళాయి దగ్గర ఎవరో బిందె దించి ఇటు చూశారు. ఒక దేశం మొత్తం ఆగి ఒక సాంచె కూలివాణ్ణి అడుగుతోంది. ఆయన చెవి నాకు ఆని ఉంది. ఆ చెవి వేడి నాకు తెలుస్తోంది.

"ఇయ్యాల అస్సలుకే లేదు" అన్నాడు నాంపల్లి.

ముల్లు తిప్పేశాడు.

నేను రేడియోను. ఎటు తిప్పితే అటు పోతాను. ఆమె ఇంకా ఏదో అంటోంది, అది తెగిపోయింది. తెగిన పోగును పట్టడం తెలిసిన మనిషి దాన్ని చూడనే లేదు.

వాడ వాడంతా పరుగెత్తుకొచ్చింది. "నీ పేరు! నీ పేరు సదివిన్రు!" నోళ్లు కదులుతున్నాయి, పళ్లు కనబడుతున్నాయి. నాంపల్లి అందరి మొహాలూ చూసి నొచ్చుకున్నాడు. "సప్పుడు తగ్గిస్త తియ్యుండ్రి, ఎందుకు అంతగనం నవ్వుతరు?" అన్నాడు. నవ్వుతున్నవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. అర్థమైనకొద్దీ వెనక్కి జరిగి, ఎవరి గడపలోకి వాళ్లు పోయారు.

మణెమ్మ చాట పక్కన పెట్టింది. నా దగ్గరికొచ్చి ముల్లు వెనక్కి జరిపింది. అప్పటికి ఉత్తరాలు అయిపోయి ఏదో సంగీతం వస్తోంది. నన్ను కట్టేసి, ఆయన ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. ఇన్నేళ్లూ వద్దని తిట్టిన పని అప్పుడు చేసింది. తన ఎడమ కనుబొమ్మ మీద వేలితో అడ్డంగా గీసింది. నా వైపు చూపించింది. పెదవుల ముందు పిడికిలి తెరిచి మూసింది.

"నా పేరా?" అన్నాడు నాంపల్లి. లేచినంత పని చేశాడు. "ఎప్పుడు?"

ఆమె వేలు నేల వైపు చూపించింది. ఇప్పుడే.

"ఇప్పుడా? నేను ఈడనే ఉన్న గదనే..."

నన్ను చూశాడు. తర్వాత పడమటి వైపు చూశాడు. పొద్దు ఎప్పటిలాగే, ఏ రోగమూ లేకుండా, ఎర్రగా దిగుతోంది.

"సూర్యుడు మంచిగనే ఉన్నడు గదా మణెమ్మా" అన్నాడు.

కరీంనగర్‌లో డాక్టరు చూసి, నరం చచ్చిపోయింది, మిషన్ పెట్టినా లాభం లేదన్నాడు. ఇంతకాలం ఏం చేశారని కోప్పడ్డాడు కూడా. కార్ఖానాలో సేటుకు తెలిసి, "పోనియ్యి, ఇగ నీకు సప్పుడు బాధ లేదు" అని భుజం తట్టాడట. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. సాంచెకు చెవులతో పని లేదు. నాంపల్లి మర్నాడే పనిలోకి పోయాడు.

ఖాజామియా ఒకసారి వచ్చి అరుగు మీద కూర్చుని పోయాడు. మరుసటేడు దుకాణం మూసేసి నిజామాబాద్‌లో కూతురి దగ్గరికి పోయాడని విన్నాను.

నా పని అయిపోయిందనుకున్నాను. గోడ మీది కార్డులు చింపేస్తాడనీ, నన్ను మళ్లీ అటక ఎక్కిస్తారనీ. కొన్నాళ్ల తర్వాత ఒక సందెవేళ మణెమ్మ తనంతట తాను నన్ను దించి ముల్లు జరిపింది. ఖాజామియా చెప్పినట్టే, తెగిన పోగు పట్టినట్టు. ఆమె అంతకుముందు ముల్లు పట్టింది ఒక్కసారే. వెదురు పాట దొరికింది. చాట పక్కన పెట్టి, నాంపల్లి మోచేయి పట్టి ఎదురుగా కూర్చోబెట్టుకుని, చేతులతో చెప్పడం మొదలుపెట్టింది. సవితికి ఒక గుర్తు పెట్టింది: మూతి మూడు వంకర్లు తిప్పి కొప్పు సర్దుకోవడం. మొదటిసారి అది చూసి నాంపల్లి నవ్వాడు. మంచు, గొర్రెలు, ఓడలు, ఎన్నికలు, అన్నిటికీ ఇద్దరూ కలిసి గుర్తులు కట్టారు. ఆ అరగంటలో బీడీలు తగ్గేవి. తగ్గినవాటిని పొద్దున్నే లేచి చుట్టేది.

మార్కులు మాత్రం ఆయన మళ్లీ వేయలేదు. ఆమె ఎప్పుడైనా అయిదు వేళ్లు మడిచి విప్పి, ఎన్ని అని అడిగితే, "చెవుల్లేనోడు మార్కులేసుడేంది" అని తల తిప్పుకునేవాడు.

తర్వాత ఒక రోజు ఆ ఆడమనిషి గొంతు మారింది. షార్ట్‌వేవ్ వినేవాళ్లు తగ్గారనీ, ఈ ఖర్చు దండగని పెద్దలు నిర్ణయించారనీ, ఇదే చివరి ప్రసారమనీ చెప్పింది. ఇన్నేళ్లు విన్నవాళ్లకు దండం పెట్టింది. కొన్ని ఊళ్ల పేర్లు చదివింది. వాటిలో మన ఊరు కూడా ఉంది. మణెమ్మ చేతులు గాలిలోనే ఆగాయి. సవితి కోసం ఆమె ఏడవడం నేను చూశాను, కొంగు అడ్డం పెట్టుకుని, తంబాకు ఘాటు కళ్లలో పడ్డట్టు.

"ఏమన్నది?" అని అడిగాడు నాంపల్లి.

మణెమ్మ కొప్పు సర్దుకుని, మూతి తిప్పి, రేపు మళ్లీ వస్తానందని చూపించింది.

రేపు వచ్చింది. ముప్పై ఒకటో మీటరు దగ్గర ఉత్త గాలి. నా కడుపులో హోరు తప్ప ఏమీ లేదు. ఆ హోరు ముందు కూర్చుని మణెమ్మ చేతులెత్తింది. ఏం చెప్పిందో తెలుసా? వాళ్ల దేశంలో వానలు పడ్డాయట. తప్పిపోయిన గొర్రె ఒకటి దొరికిందట. ఆమె జన్మలో చూడని సముద్రం, చూడని కొండ, రోజుకో కబురు. మనుషులు అబద్ధాలాడగా నేను చాలా విన్నాను, గంటలకు గంటలు నా నోటితోనే ఆడించారు. కష్టపడి కూర్చుని ఇలా ఆడిన అబద్ధాన్ని ఎక్కడా వినలేదు. ఆమె కూడా నోటితో ఆడలేదు కదా.

హోరు కోసం సెల్లులు ఎందుకనుకుందో ఏమో, ఒకరోజు వాటిని తీసి టార్చిలో వేసింది. నా వెనక మూత మళ్లీ జాగ్రత్తగా మూసింది. సందెవేళ మీట తిప్పేది, ముల్లు జరిపేది, చెవి పెట్టినట్టు నటించేది. పాత సామాన్లవాడు వచ్చి నన్ను చూసి, "నడువని రేడియో గూట్లెందుకమ్మా, ఇచ్చెయ్యరాదు" అంటే, "ఎవలన్నరు నడువదని?" అని వాడి మీదికి లేచింది.

మొన్న మణెమ్మ కుళాయికి పోయినప్పుడు, నాంపల్లి గూడు తుడుస్తూ నన్ను చేతుల్లోకి తీసుకున్నాడు. కండెను పట్టుకోగానే ఇంకెంత నూలుందో చెప్పగల చేతులవి. పట్టుకుని ఆగిపోయాడు. ఒకసారి పైకీ కిందికీ ఊపి బరువు చూశాడు. వెనక్కి తిప్పి మూత తీశాడు. ఖాళీ గదిలో తుప్పు మరకలు తప్ప ఏమీ లేవు. వేలు పెట్టి లోపల తడిమాడు. తర్వాత మూత పెట్టి, కండువాతో నా అద్దం తుడిచి, ముల్లు ముప్పై ఒకటో మీటరు మీదే ఉందా లేదా చూసి, నన్ను గూట్లో పెట్టాడు.

సాయంత్రమైంది. కరెంటు పోయింది. ఊరు ఆగింది. నాంపల్లి చెయ్యీ కాళ్లూ కడుక్కుని వచ్చి, ఎప్పటి చోట, ఎప్పటిలాగే కూర్చున్నాడు. మణెమ్మ మీట తిప్పింది. చాట పక్కన పెట్టి, మూతి వంకర తిప్పి కొప్పు సర్దుకుని మొదలుపెట్టింది. ఏదో పెళ్లి కబురు. పెళ్లికొడుకు గుర్రం మీంచి పడ్డాడట. చేతులతో గుర్రాన్నీ, పడ్డవాణ్నీ చూపిస్తుంటే నాంపల్లి సరిగ్గా నవ్వవలసిన చోట నవ్వాడు. ఆమె వేళ్ల మీంచి కళ్లు తిప్పలేదు.

అయిపోయింది. ఆమె నన్ను కట్టేసినట్టు మీట వెనక్కి తిప్పింది. చాట ఒళ్లోకి లాక్కుంటుంటే నాంపల్లి ఆమె ముంజేతి మీద తట్టాడు.

మణెమ్మ తలెత్తింది.

ఆయన కుడిచెయ్యి పైకెత్తి, ఐదు వేళ్లూ విప్పి చూపించాడు.